పాడుపెట్టిన ఇంట్లో అద్దెదారు

పన్నెండుంబావుకు గంగాధరప్ప స్టేషన్ మెట్లెక్కేసరికి సి.ఐ. నాగేశ్వర మజ్జిగ తాగుతా కూర్చోనుండినాడు. ఆయన ముందర బల్లమీద ఒకే ఒక కాగితం. దాని అడుగున ఉన్న సంతకం ఎవరిదో గంగాధరప్పకు వాకిట్లో నుంచే తెలిసిపోయింది. ముప్పై ఏండ్లుగా గీకుతున్న సంతకం, తెలియకేం చేస్తుంది!

"రండి గంగాధరప్ప గారూ. మీరు రాకపోతే సమన్లు పంపించి రప్పించేవాణ్ణి. ఈ హత్య కేసులో నా మొదటి సాక్షి మీరే" అన్నాడు నాగేశ్వర. గుంటూరు వైపు మనిషి, వయసులో చిన్న, హోదాలో పెద్ద. మర్యాద తప్పడు గానీ ఆ మర్యాదలోనే సూది పెడతాడు.

గంగాధరప్ప కాగితం తీసుకొని చదివినాడు. 'లియాంగ్ జున్, చైనా దేశీయుడు. పవనగిరి పవర్ కంపెనీలో క్రేన్ టెక్నీషియన్. ఉద్యోగ వీసా. నివాసం: ఇంటి నంబరు 3-41, ఎర్రబండపల్లె, కంబదూరు మండలం. యజమాని: హనుమంతప్ప. విచారించితిమి, నిజమని తేలినది. ఫిబ్రవరి 9, 2008.'

విచారించితిమి! ఎవరు విచారించినారు, యాడ విచారించినారు? బయటి దేశం నుంచి పనికొచ్చినవాడు పద్నాలుగు రోజుల్లోపల పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాల. ఏ ఊర్లో ఏ ఇంట్లో ఉంటాడో చెప్పాల, ఆ ఇంటి యజమాని ఒప్పుకోలు కాగితం జతచెయ్యాల. ఆ ఇంటికి పోయి, కండ్లతో చూసి, ఔను ఉన్నాడు అని రాయాల్సింది జిల్లా ఆఫీసులో విదేశీయుల సెక్షన్ ఎస్.ఐ. ఆ ఎస్.ఐ. గంగాధరప్పే. ఆ రోజు కంపెనీ మనిషి కేశవ తొమ్మిది ఫైళ్లు ఒక్కసారే తెచ్చిపెట్టినాడు. ఊరేమో జిల్లా ఆఫీసుకు డెబ్బై కిలోమీటర్లు, టైమేమో సాయంత్రం నాలుగు. తెలిసిన కుర్రవాడే, గాలిమరల కంపెనీ మంచి కంపెనీయే అనుకొని, కుర్చీలోంచి లేవకుండానే తొమ్మిదిటికీ సంతకాలు పెట్టేసినాడు.

ఇప్పుడు ఆ తొమ్మిదిలో ఒకడు శవమైనాడు. శనివారం పొద్దున హనుమంతప్ప చేన్లోని ఎండిన బాయిలో గొర్రెలవాళ్లు చూసినారు. మొగం నుజ్జయిపోయింది. జేబులో కంపెనీ గుర్తింపు కార్డు, దానిమీద లియాంగ్ జున్ అని పేరు. కేశవ వచ్చి చూసి, మా మనిషే అన్నాడు. అద్దెకున్నవాడికీ ఇంటాయనకూ మాటామాటా వచ్చి, ఇంటాయన బాయిలోకి తోసినాడని కేసు కట్టినారు.

"ముద్దాయి ఏమంటాండాడు సార్?"

"అసలు ఆ మనిషికి ఇల్లు అద్దెకే ఇవ్వలేదంటాడు. అద్దె ఒప్పందం మీద వేలిముద్ర అతనిదే. మీరు వెళ్లి చూసి నిజమని రాశారు. ఇంకేం కావాలి? నాలుగింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను. ఈ రాత్రికి సబ్ జైలు."

గంగాధరప్ప కాగితం బల్లమీద పెట్టేసినాడు. "సార్, నేను చూడలేదు."

"ఏమిటీ?"

"ఆ ఇంటికి పోలేదు సార్. పోకుండానే రాసినా."

గదిలో రైటర్ కలం ఆగిపోయింది. నాగేశ్వర గ్లాసు కింద పెట్టినాడు. "ఆ మాట రాసిస్తారా? రాసిస్తే రేపీపాటికి మీరు సస్పెండ్ అవుతారు. నాలుగేళ్లలో రిటైర్ కావాల్సినవారు, ఆలోచించుకోండి."

గంగాధరప్ప రైటర్ దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకొని, నిలబడే నాలుగు లైన్లు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చినాడు.

నాగేశ్వర అది రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిది. దీంతో మీరు పని ఎగ్గొట్టారని తేలింది. అతను ఆ ఇంట్లో లేడని తేలలేదు కదా! మీరు చూడలేదు, అంతే. చూసుంటే ఉండేవాడేమో."

"అయితే ఇప్పుడు చూసొస్తా. మీరు పోయి చూసినారా సార్?"

"బయట నుంచి చూశాను. తాళం, తలుపుకి అడ్డంగా ముళ్లకంప. ఊరంతా చుట్టాలే, హత్య తర్వాత కంప కొట్టి కథ చెబుతున్నారు. తాళం తీయించే పని నాకేముంది? పెద్దవారు, మీరు చూసి రాసిచ్చారుగా!"

ఆ మాట సూటిగా తగిలింది. గంగాధరప్ప తల వంచుకొని లాకప్ వైపు నడిచినాడు.

హనుమంతప్ప గోడకానుకొని గొంతుకూర్చోనుండినాడు. యాభై ఏండ్ల మనిషి, ఎముకల గూడు. శనివారం నుంచి ఈడనే ఉన్నాడు, అరెస్టు మాత్రం నిన్న సాయంత్రం చూపించినారు. గంగాధరప్పను చూసి లేచి దండం పెట్టినాడు.

"మా ఇంటికొచ్చి చూసిపోయిన సారు మీరేనంట గదా! నాకు యాదికే లేదు సార్. ఎప్పుడొస్తిరి? నీళ్లన్నా ఇస్తినో లేదో."

గంగాధరప్పకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. లాకప్ ఊచలు పట్టుకొని, "మీ ఇంటికి కంప ఎప్పుడు కొట్టినారప్పా?" అన్నాడు.

"మాయమ్మ బయమ్మ పోయినప్పుడు సార్. జనవరి పదకొండు, శుక్రవారం తెల్లారుజామున. ధనిష్ఠ నచ్చత్రం. అయ్యవారు పంచాంగం చూసి, ఆరునెల్లు ఇల్లు పాడుపెట్టల్ల, దీపం పెట్టగూడదు, గడప తొక్కగూడదు అనె. తాళమేసి కంప కొడ్తిమి. మేమంతా గొర్రెల దొడ్డికాడ కొట్టంలో ఉండాం. అట్లాంటి ఇంట్లో పరాయి బిడ్డను పెడతానా సార్? వానికేమన్నా అయితే పాపం నాది గాదా?"

"మరి వేలిముద్ర?"

"జనవరి ఆఖర్లో క్రేను బండి నా చేన్లోంచి పోయి గట్టు తెంచె. దానికి నష్టపరిహారం అని కేశవన్న కాగితం తెచ్చె. నాకు చదువు రాదు. యాడ ఒత్తమంటే ఆడ ఒత్తినా."

"కేశవ మీ ఊరికి ఎన్నిసార్లు వచ్చినాడు?"

"చేనుకాడికే సార్, ఆ ఒక్కతూరి. ఊర్లోకి రాల్యా."

కేశవ స్టేషన్లోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, వచ్చినవాళ్లకందరికీ కూల్‌డ్రింకు తెప్పిస్తా తిరుగుతున్నాడు. కంపెనీకి సంబంధించిన పోలీసు కాగితాలన్నీ చూసేది ఇతనే. గంగాధరప్పను చూసి, "అన్నా, బాగుండావా?" అని దగ్గరికొచ్చినాడు.

"బాగుండా. కూర్చో. నీ స్టేట్‌మెంటులో కొంచెం ఖాళీలున్నాయి, నింపుకుందాం. లియాంగ్ ఆ ఇంట్లో ఎప్పుడు చేరినాడు?"

"జనవరి ముప్పై. నేనే దింపినా."

"తాళంచెవి ఎవరిచ్చినారు?"

"హనుమంతప్పే. ఒకటి లియాంగ్ దగ్గర, ఒకటి నా దగ్గర." జేబులోంచి తీసి చూపించినాడు కూడా.

"ఆఖరిసారి ఆ ఇంటికి ఎప్పుడు పోయినావు?"

"ఈ మే నెల నాలుగు, ఆదివారం. సాయంత్రం ఐదు. లోపల కూర్చొని టీ తాగినాం."

"ఏ వాకిలి గుండా పోయినారు?"

కేశవ నవ్వినాడు. "ఇదేం ప్రశ్న అన్నా? ముందు వాకిలే. ఆ ఇంటికి ఇంకో దావ లేదు గదా!"

"పెరటి గోడ?"

"గట్టి గోడ. రాతిగోడ."

గంగాధరప్ప ఒక్కో మాటా రాసి, చదివి వినిపించి, కింద సంతకం పెట్టించుకున్నాడు. టైము కూడా వేసినాడు, పన్నెండు యాభై. ఈసారి కేశవ ముఖంలోకే చూస్తా కాగితం అందుకున్నాడు. కేశవ కండ్లు ఒక్క క్షణం వాకిలి వైపు పోయి వచ్చినాయి.

మోటార్ సైకిల్ మీద ఎర్రబండపల్లె చేరేసరికి ఒకటిన్నర. ఎండ నెత్తిమీద కూర్చోనుంది. 3-41 అని నీలిరంగుతో రాసిన గోడ మూడో వీధి కొసన కనబడింది. ముందర అరుగు మీద హనుమంతప్ప అక్క తిమ్మక్క, ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చోనుంది. అరవై దాటిన మనిషి. అరుగు దాకా వచ్చింది గానీ గడప వైపు కాలు కూడా చాపలేదు.

"నా తమ్మున్ని ఇడిపిస్తారా సారూ?" అనింది, ఎవరు ఏమిటి అని కూడా అడక్కుండా.

"దానికే వచ్చినానక్కా. ఇంటిని చూడల్ల."

కంప దగ్గరికి పోయి వంగినాడు. కొత్తది కాదు. ఆకు రాలి, ముల్లు తెల్లబడి, కొమ్మల మధ్య సాలీడు మీద సాలీడు గూడు కట్టుకొని ఉన్నాయి. నాలుగు రోజుల కిందట కొట్టిన కంపకు ఇంత బూజు యాడిది? చెయ్యి గీరుకుంటున్నా లోపలికి పెట్టి తాళాన్ని తిప్పినాడు. చెవి దూరే కంతలో కందిరీగ మట్టి తెచ్చి గూడు కట్టింది. గోటితో గీరితే రాలేదు, రాయైపోయింది. పదిరోజుల కింద కేశవ ఈ తాళం తీసి లోపల టీ తాగినాడంట!

గంగాధరప్ప గట్టిగా ఊపిరి వదిలినాడు. అబద్ధం దొరికింది. ఇది మేజిస్ట్రేటుకు చూపిస్తే చాలు అనుకున్నాడు, మళ్లీ అనుమానం పట్టింది. నాగేశ్వర ఊరుకుంటాడా? కేశవ అబద్ధమాడితే ఆడినాడు, శవం హనుమంతప్ప బాయిలోనే ఉంది గదా అంటాడు.

"పెరట్లోకి దావ యాడుంది?"

తిమ్మక్క ముఖం మారింది. "ఆడికెందుకు సారూ? ఆడ కంత ఉండాది. మాయమ్మను ముందు వాకిట్లో తేగూడదని గోడ పగలగొట్టి ఆ కంతలోనుంచే తెస్తిమి. రేకు అడ్డం పెట్టినాం. మంచి తావు గాదు."

రాతిగోడ, ఇంకో దావ లేదు అన్నాడు కేశవ. గంగాధరప్ప మారు మాట్లాడకుండా సందులోంచి పెరట్లోకి నడిచినాడు. తిమ్మక్క గొణుక్కుంటా వెనకే వచ్చింది.

గోడకు మనిషి వంగి దూరేంత కంత. దానికి తుప్పుపట్టిన రేకు. రేకు ముందర ఒక సత్తుగిన్నె బోర్లించి ఉంది, పక్కన ఖాళీ చెంబు, దాని మూతమీద మూడు పచ్చిమిరపకాయలు.

"ఇదేందక్కా?"

తిమ్మక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు సారూ. మాయమ్మకు పెడతాండా. దినామూ పొద్దున్నే సంగటి ముద్ద, చెంబెడు నీళ్లు. అయ్యవారు చెప్పల్యా, నా మనసు తట్టుకోల్యాక నేనే పెడతాండా. ఇన్నాళ్లూ కాకులు తింటాండె. ఈ శుక్రారం కాడినుంచి..."

"శుక్రారం కాడినుంచి?"

"మాయమ్మే వచ్చి తింటాంది." కండ్ల నీళ్లు టపటపా రాలినాయి. "తిని గిన్నె కడిగి బోర్లిస్తాది సారూ! బతికున్నప్పుడూ అంతే, ఎంగిలి గిన్నె పెట్టేది గాదు. ఊర్లో చెబితే అయ్యవారు ఇంకా దోషం పోల్యా, ఇంకో ఆరునెల్లు పాడుపెట్టమంటాడని నోరు మూసుకోనుండా."

గంగాధరప్ప చెంబు మూత చేతికి తీసుకున్నాడు. "ఈ మిరపకాయలు?"

"సంగట్లోకి పెడతా. తినకుండా తీసి ఆడ పెడతాంది."

"మీయమ్మ మిరపకాయ తినేది కాదా?"

"అయ్యో, ఏం మాట సారూ! మిరపకాయ ల్యాకుంటే దానికి ముద్ద దిగేదే గాదు. సచ్చినాక నాలిక మారతాదేమోలే అనుకొంటి."

గంగాధరప్ప ఆ మూడు కాయల్నీ చూస్తా నిలబడిపోయినాడు. గురువారం దాకా కాకులు తిన్నాయి. శుక్రవారం నుంచి ఎవరో తింటున్నారు, కడుగుతున్నారు, కారం ముట్టడం లేదు. శనివారం శవం దొరికింది. ఈ ఊర్లో పుట్టిపెరిగినవాడెవడూ మిరపకాయ తీసి పక్కన పెట్టడు. ఈ ఊర్లో పుట్టిపెరిగినవాడెవడూ ఈ కంతలో దూరడు.

దూరాలంటే గంగాధరప్పకూ కాళ్లు రాలేదు. తన నాయన పోయినప్పుడు మూడు నెలలు ఇల్లు పాడుపెట్టినారు. ఆ మూడు నెలలూ ఆ వీధిలో నడవడానికే భయపడినాడు, అప్పటికే పోలీసై కూడా. మనసులో దేవుణ్ణి తలుచుకొని, రేకు పక్కకు జరిపి, వంగి లోపలికి పోయినాడు.

లోపల గాలి లేదు. మట్టివాసన, చెమట వాసన. బ్యాటరీ లైటు వేసినాడు. జొన్నల గాదె, దాని పక్కన మడిచిన గోనెసంచి. గాదె వెనక రెండు కాళ్లు, ఒకదాని చీలమండ బుంగలా వాచిపోయింది.

"ఎవరప్పా అది? బయటికి రా. పోలీసు."

మనిషి నెమ్మదిగా లేచినాడు. కంపెనీ నీలం చొక్కా భుజం దగ్గర చినిగిపోయింది. పాతికేండ్లు దాటి ఉంటాయి. పారిపోవాలని చూడలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న చిన్న పుస్తకాన్ని రెండు చేతులతో ముందుకు చాపి, తల వంచి నిలబడినాడు.

గంగాధరప్ప లైటు దానిమీద వేసినాడు. విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం. ఎప్పుడూ ఒంటిమీద ఉంచుకోవాల, ఎవరడిగినా చూపించాల అని ఇచ్చేటప్పుడు చెబుతారు. ఫోటో, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ఎదురుగా మనిషి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ.

"లియాంగ్ జున్?"

మనిషి గబగబా తలూపినాడు. వేలితో పుస్తకంలో ఒక లైను చూపించినాడు. 3-41. తర్వాత గోడవైపు, వీధివైపు చూపించినాడు. తర్వాత తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

గంగాధరప్పకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కొండమీది రేకుల డబ్బాల్లోనే వీళ్లను నాలుగు నెలలు కాపురం పెట్టించినారు. ఈ ఇంటి మొగం కూడా ఎప్పుడూ చూపించలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ పిల్లవాడు కొండ దిగి, కుంటుకుంటా, ఈ దేశంలో తన పేరు పక్కన రాసిపెట్టిన ఒకే ఒక ఇంటిని వెతుక్కుంటా వచ్చినాడు. పోలీసోళ్లు చూసి, నిజమని రాసిచ్చిన ఇల్లు. ఆ రాతను నమ్మినాడు. తను కుర్చీలోంచి లేవకుండా రాసిన రాతను!

"నన్ను క్షమించు నాయనా" అన్నాడు గంగాధరప్ప. ఆ మాట లియాంగ్‌కు తెలీదు. అయినా కండ్లు ఒత్తుకుంటున్న ఖాకీ మనిషిని చూసి కాస్త ధైర్యం వచ్చినట్టుంది, నడుం దగ్గర నుంచి ఇంకో పుస్తకం తీసినాడు. పాస్‌పోర్టు. తెరిస్తే వేరే ఫోటో. అదే ముక్కు, అదే దవడ, కనుబొమ్మ మీద మచ్చ మాత్రం లేదు. లియాంగ్ ఫెంగ్ అని పేరు. వీసా పేజీ తిప్పినాడు. టూరిస్టు వీసా. మూడు నెలలకు ఇచ్చింది, గడువు ఏప్రిల్లోనే అయిపోయింది.

"తమ్ముడు" అన్నాడు లియాంగ్. కొండమీద కూలివాళ్ల దగ్గర నేర్చుకున్న మాట కాబోలు. "తమ్ముడు." చెయ్యి తలకంటే పైకి ఎత్తి, అక్కడి నుంచి కిందికి జార్చినాడు. తర్వాత, "కేశవ. లారీ. తమ్ముడు."

ముడి విడిపోయింది. ఫైళ్లు తొమ్మిది, పని చేసేవాళ్లు అంతకంటే ఎక్కువ. చుట్టపుచూపుకని రప్పించి టవర్లెక్కించినారు. అట్లాంటివాడొకడు పడి చచ్చిపోతే ఎవరని చూపిస్తారు? పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అన్న కార్డు తమ్ముడి జేబులో పెట్టి, లారీలో తెచ్చి హనుమంతప్ప బాయిలో వేసినారు. అన్నకు కాగితాలున్నాయి, అడ్రసుంది, నేరం మోపడానికి ఇంటాయన కూడా ఉన్నాడు. ఇంక ఆ అన్న బతికుండడం ఒక్కటే వాళ్లకు అడ్డం.

బయట నుంచి తిమ్మక్క గొంతు వణుకుతా వినబడింది. "యవురు సారూ? మాయమ్మేనా?"

"కాదక్కా. మీ ఇంటి అద్దెదారు."

లియాంగ్ భుజం పట్టి కంతలోంచి బయటికి తెచ్చినాడు. తిమ్మక్క ఆ పిల్లవాణ్ణి, గిన్నెను, మళ్లీ పిల్లవాణ్ణి చూసింది. ఇంత చిన్నబిడ్డా, అని దవడలు నొక్కుకుంది. ఆ తర్వాత ఏమనుకుందో, గబగబా చెంబు తీసుకొని నీళ్లకు పోయింది.

రెండూ ఇరవైకి గంగాధరప్ప నాగేశ్వరకు ఫోన్ చేసినాడు. "సార్, మీ శవం బతికే ఉంది. మీరే రండి. తాళం మీద చెయ్యి ఎవరూ వెయ్యకముందే రండి."

నాగేశ్వర రెండూ యాభైకి వచ్చినాడు, ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిల్ వెనక కూర్చొని. ముఖం నిండా కోపం. "మీ తప్పు కప్పుకోవడానికి కొత్త కథ అల్లితే మాత్రం ఊరుకోను" అంటూనే కంప దగ్గరికి పోయినాడు. వంగినాడు. వచ్చేముందు కేశవ దగ్గర తీసుకున్న తాళంచెవి కంత దగ్గర పెట్టి చూసినాడు. మట్టిగూడుకు తగిలి ఆగిపోయింది. గంగాధరప్ప రాయించిన స్టేట్‌మెంటు చేతికిచ్చినాడు. ముందు వాకిలి, ఆదివారం, ఐదు గంటలు, టీ. చివర కేశవ సంతకం.

తర్వాత పెరట్లోకి పోయి లియాంగ్‌ను చూసినాడు. పుస్తకం చూసినాడు. పాస్‌పోర్టు చూసినాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేను తాళం తీయించి ఉండాల్సింది" అన్నాడు.

"నేను ఫిబ్రవరిలోనే వచ్చుండాల్సింది సార్. ముందు హనుమంతప్పను ఆపండి. కోర్టుకు తీసుకుపోనీకండి."

నాగేశ్వర స్టేషన్‌కు ఫోన్ కలిపినాడు. అవతల హెడ్ కానిస్టేబుల్ యేసన్న గొంతు గంగాధరప్పకూ వినబడుతోంది. "యేసన్నా, ముద్దాయిని పంపొద్దు. లాకప్ దగ్గర ఇద్దర్ని పెట్టు."

"పంపిస్తిమి గదా సార్! మీరు అట్ల పోతానే, రెండున్నరకు పంపిస్తిమి. జీపు స్టార్ట్ కాల్యా. అందుకే గదా మీరు బండి మీద పోయిండేది. కంపెనీ సుమో ఉందంటే దాంట్లో పంపిస్తిమి, ఎప్పుడూ పంపిచ్చేదే గదా. గురప్ప ఎస్కార్టు పోయినాడు. కేశవ సారే నడుపుకొని పాయె."

నాగేశ్వర ఫోన్ కట్ చేసినాడు. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్‌కు ఫోన్ చేసినాడు. ఇంకా రాలేదన్నాడు. స్టేషన్ నుంచి కోర్టుకు ఇరవై నిమిషాల దావ. ఇప్పుడు మూడూ రెండు.

గురప్ప నంబరు కలపబోయేలోపలే గురప్ప నుంచే ఫోన్ వచ్చింది. రొప్పుతున్నాడు. "సార్, క్రాస్ కాడ టైరు చూడమని నన్ను దింపె. నేను దిగీ దిగకముందే తలుపేసి పోయినాడు సార్! సిగ్నల్ ల్యాక రెండు మైళ్లు పరిగెత్తి ఇప్పుడు చేస్తాండా. కొండదావ పట్టె సార్, కోర్టు దావ గాదు."

"ముద్దాయి?"

"బేడీలతోనే ఉండాడు సార్, వెనక సీట్లో."

తిమ్మక్క నీళ్ల చెంబు పట్టుకొని అప్పుడే వచ్చి నిలబడింది. ఏ మాట విన్నదో, ఎంత విన్నదో. చెంబు లియాంగ్ చేతికిచ్చి, నాగేశ్వరను దాటి, గంగాధరప్ప ముందరికే వచ్చింది.

"నా తమ్ముడు యాడ సారూ?"

ముద్దాయి పారిపోబోయి చచ్చినాడని చెబితే కేసు మూతపడినట్టే అని గంగాధరప్పకు తట్టింది. ఆయన కండ్లు కొండవైపు పోయినాయి. తిమ్మక్కా అటే చూసింది. కొండ మీద తెల్లటి టవర్లు, రెక్కలు తిరుగుతున్నవి కొన్ని, ఇంకా బిగించనివి కొన్ని.

"తమ్ముడు" అనే మాట లియాంగ్ చెవిన పడింది. ఆ ముసలామె ముఖం చూసినాడు, అందరూ చూస్తున్న కొండను చూసినాడు. చెంబు జారవిడిచి, వాచిన కాలు ఈడ్చుకుంటా వచ్చి గంగాధరప్ప చొక్కా పట్టుకున్నాడు. రెక్కలు లేని మూడో టవర్ వైపు వేలు చూపించినాడు. "తమ్ముడు" అన్నాడు మళ్లీ. తల అడ్డంగా ఊపినాడు, గట్టిగా, కోపంగా, లోపల తను చెప్పింది ఈ పెద్దమనిషి తప్పుగా అర్థం చేసుకున్నాడని తెలిసినట్టు. రెండు అరచేతులూ ముందుకు పెట్టి, బలంగా, గాలిని తోసినాడు.

"కేశవ" అన్నాడు.

గంగాధరప్ప అప్పటికే మోటార్ సైకిల్ వైపు పరిగెత్తుతున్నాడు.